మోకీలు మారింది, తొడ మారలేదు

కీలు మార్పిడికి ఒప్పుకున్న సైకిలు మనిషి సర్జన్‌ని అడిగే ప్రశ్న ఒకటే: మళ్ళీ ఎన్నాళ్ళకి తొక్కొచ్చు? దీనికి జవాబు సిద్ధంగానే ఉంటుంది. ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిలైతే కొన్ని వారాలు, రోడ్డు మీదైతే మామూలుగా ఒకటిన్నర నుంచి మూడు నెలలు. టొరంటోలో చెప్పినా హైదరాబాదులో చెప్పినా ఈ లెక్కలో పెద్ద తేడా ఉండదు. అడగకుండా మిగిలిపోయేది రెండో ప్రశ్న. మునుపటి దమ్ముతో, ఎదురుగాలిలో, మునుపు వెళ్ళినంత దూరం ఎప్పటికి వెళ్ళగలను? డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి అసలు కావలసిన జవాబు ఇదే. మొదటి ప్రశ్నకి కొత్త కీలు జవాబిస్తుంది. రెండోదానికి తొడ, గుండె, ఆపరేషన్‌కి ముందు ఎన్నేళ్ళు కుంటుకుంటూ గడిపారన్న సంగతి, ఈ మూడూ కలిసి చెప్పాలి.

గత యాభై అరవై ఏళ్ళలో దీని చుట్టూ పోగైన పరిశోధనంతా ఒకచోట పెట్టి చూస్తే, సైకిలు ప్రేమికులకి అంతగా రుచించని సంగతి ఒకటి బయటపడుతుంది. సైకిలు తొక్కే సత్తువ తిరిగి రావడానికి సైకిలు ఒక్కటే చాలదు.

ఈ చర్చకి కెనడా తగిన చోటు. మోకాలి మార్పిడి చరిత్రలో ఆ దేశానిది చిన్న పాత్ర కాదు. మానిటోబాకి చెందిన ఫ్రాంక్ గన్‌స్టన్ మొదట ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత డాక్టరయ్యారు. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1962లో తుంటి మార్పిడిని ఇప్పుడు మనం ఎరిగిన రూపానికి తెచ్చారు. ఆయన దగ్గర పనిచేస్తూ గన్‌స్టన్ 1968లో మోకాలికి కొత్త రకం కృత్రిమ కీలు తయారుచేశారు. అంతకు ముందు వాడినవి చాలావరకు ఒకే ఇరుసు మీద మడతపడే బందులు. అసలు మోకాలు అలా మడతపడదు, వంగేకొద్దీ దాని ఇరుసు జరుగుతూ ఉంటుంది. ఆ జరుగుడుని లోహంలోనూ ప్లాస్టిక్‌లోనూ పట్టుకోవడమే ఆయన చేసిన పని. దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. ఇవాళ మోకాలు మార్పించుకుని సైకిలెక్కే ప్రతి మనిషి కింద ఆ మానిటోబా ఇంజనీరు ఆలోచన కొంత తిరుగుతూనే ఉంది.

రెండో పేరు టొరంటో పిల్లల ఆసుపత్రికి చెందిన రాబర్ట్ సాల్టర్. దెబ్బతిన్న కీలుకి విశ్రాంతే మందు అని వైద్యులందరూ నమ్మే రోజుల్లో, 1970లో ఆయన కుందేళ్ళ మీద అందుకు విరుద్ధమైన ప్రయోగం మొదలుపెట్టారు. దెబ్బతిన్న కీలుని ఆగకుండా మెల్లగా కదుపుతూ ఉంటే మృదులాస్థి మెరుగ్గా మానుతుందని చూపించారు. అందులోంచే కాలుని దానంతట అదే వంచి చాచే యంత్రం పుట్టింది. కొన్నేళ్ళకి మోకాలి మార్పిడి అయినవారి మంచం మీద అది మామూలు వస్తువైపోయింది. కానీ ప్రయోగాలన్నీ కూడి తూచిన కాక్రేన్ సమీక్ష, 2014 నాటి కూర్పులో, దానివల్ల మోకాలి వంపులో కలిసొచ్చేది సుమారు రెండు డిగ్రీలేనని తేల్చింది. రోగికి తెలిసేంత లాభం కాదది. ఆ సమీక్ష రాసినవారిలో ఒటావా విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ బ్రోసో కూడా ఉన్నారు. కదలిక మంచిదన్న సాల్టర్ మాట అలాగే నిలబడింది. యంత్రం కదిలిస్తే చాలన్న ఆశే నిలబడలేదు. యంత్రం కాలుని తిప్పడం ఒకటి, కాలు యంత్రాన్ని తిప్పడం వేరొకటి.

ఇక సత్తువ ఎక్కడ పోతుందో చూద్దాం. ఆపరేషన్ బల్ల మీద పోతుందని అందరూ అనుకుంటారు. చాలావరకు అంతకు ముందే పోయి ఉంటుంది. కెనడాలో 2018–19లో సుమారు 62 వేల తుంటి మార్పిళ్ళు, 75 వేల మోకాలి మార్పిళ్ళు జరిగాయి. ఈ ఆపరేషన్లకి 26 వారాలు దాటి ఆగాల్సిన అవసరం ఉండకూడదని 2005 డిసెంబరులో రాష్ట్రాలన్నీ ఒక గడువు పెట్టుకున్నాయి. కొవిడ్ తర్వాత, 2022లో, మోకాలి రోగుల్లో దాదాపు సగం మందికే ఆ గడువులోగా ఆపరేషన్ అయింది. పైగా ఆ 26 వారాల లెక్క ఆపరేషన్ చేయాలని నిర్ణయమయ్యాక మొదలవుతుంది. కుటుంబ వైద్యుడి దగ్గర్నుంచి స్పెషలిస్టు దాకా పోవడానికి పట్టిన నెలలు అందులో చేరవు. నిరీక్షణ ఎంత బాధాకరమైన వ్యవహారమంటే, మాంట్రియల్‌కి చెందిన జార్జ్ జెలియోటిస్ తుంటి ఆపరేషన్ కోసం ఎదురుచూపుల మీద, జాక్ షావుల్లి అనే డాక్టరుతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2005 జూన్ 9న కోర్టు 4–3 తేడాతో క్యూబెక్‌లో ప్రైవేటు ఆరోగ్య బీమా మీదున్న నిషేధం చెల్లదంది. ఆ తీర్పు మంచిచెడ్డల మీద అక్కడ ఇప్పటికీ వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి. మనకి కావలసింది ఆ వాదన కాదు. ఎదురుచూసిన ఆ ఏడాదిలో తొడకి ఏమైందన్నదే.

దీని మీద నాకు బాగా నచ్చిన సాక్ష్యం డల్లాస్‌ది. 1966లో అక్కడ అయిదుగురు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచి, శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలిచారు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే అయిదుగురిని వెతికి పట్టుకుని మళ్ళీ కొలిచారు. ముప్పై ఏళ్ళుగా మీదపడిన వయసు వాళ్ళ దగ్గర లాక్కున్నదానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ లాక్కుందని తేలింది. అంతకంటే ముఖ్యమైనది ఆ తర్వాతి భాగం. యాభై ఏళ్ళు దాటిన ఆ మనుషులకి ఆరు నెలలపాటు నడక, మెల్లటి పరుగు, సైకిలుతో సాధన చేయిస్తే, వయసు వల్ల పోయిన ఊపిరి సత్తువ మొత్తం తిరిగొచ్చింది. అయిదుగురితో సిద్ధాంతం చేయకూడదన్నది నిజమే. అయినా కదలకపోవడాన్నీ ముసలితనాన్నీ మనం ఒకటిగా చూస్తున్నామన్న అనుమానాన్ని ఇంత సూటిగా రుజువు చేసిన ప్రయోగం మరొకటి లేదనుకుంటాను.

మోకాలి నొప్పి భరిస్తూ రెండు మూడేళ్ళు మెట్లు మానేసి, సైకిలు గోడకి ఆనించిన మనిషి ఆపరేషన్ నాటికే సగం ఓడిపోయి ఉంటాడు. ముందు తొడ బలంగా ఉన్నవారే ఏడాది తర్వాత బాగా నడవగలుగుతున్నారని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. డెన్మార్క్‌లో పుట్టి కెనడాకి వచ్చిన గ్లాడ్ శిక్షణ ఈ ఖాళీని పూరించడానికే ఏర్పడింది. కీలు అరిగినవారికి వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు గుంపుగా వ్యాయామం నేర్పిస్తారు. నొప్పిగా ఉన్నా కదలొచ్చునన్న ధైర్యమే దానివల్ల కలిగే పెద్ద లాభమని నా అభిప్రాయం.

ఆపరేషన్ చేసే నష్టం దీనికి అదనం. అమెరికాలో ర్యాన్ మిజ్నర్ బృందం 2005లో ప్రచురించిన కొలతలు చూడండి. మోకాలి మార్పిడి అయిన సుమారు నెల రోజులకి తొడ ముందు కండరం బలం 62 శాతం పడిపోయింది. కండరం పరిమాణం తగ్గింది మాత్రం 10 శాతమే. మిగతాదంతా ఎక్కడికి పోయింది? కండరం ఉంది, దానికి ఆజ్ఞ అందడం లేదు. వాచిన కీలు నుంచి వెళ్ళే సంకేతాలు వెన్నుపాము దగ్గరే ఆ కండరాన్ని అణిచిపెడతాయి. రోగి ఎంత గట్టిగా అనుకున్నా తొడ బిగుసుకోదు. అందుకే మొదటి నెలలో వాపు తగ్గించడం, కాలు ఎత్తులో పెట్టడం, ఐసు పెట్టడం ఏదో ఓదార్పు పనులు కావు. బలం తిరిగొచ్చే దారి అక్కడే మొదలవుతుంది.

మరి సైకిలు సంగతేమిటి? కీలు మీద పడే భారం విషయంలో దానికి తిరుగులేదు. బెర్లిన్ పరిశోధకులు కృత్రిమ మోకాలి లోపలే కొలమానాలు అమర్చి, రోగులు సైకిలు తొక్కుతుండగా లోపల పడే బలాన్ని నేరుగా కొలిచారు. 60 వాట్ల ఓ మోస్తరు జోరుతో తొక్కితే అది శరీర బరువుకి సుమారు 1.2 రెట్ల దగ్గరే ఆగింది. చదును నేల మీద మామూలు నడకలోనే అది రెండున్నర రెట్ల దగ్గర ఉంటుంది. అంటే సైకిలు మీద గంట గడిపిన కీలు, నడుస్తూ గంట గడిపిన కీలుకంటే తక్కువ అలుస్తుంది. గుండె మాత్రం ఎక్కువ పని చేస్తుంది. ఈ బేరం ఇంకే వ్యాయామంలోనూ ఇంత చవగ్గా దొరకదు.

కానీ జర్మనీలో థొరాల్ఫ్ లీబ్స్ బృందం 362 మంది మీద చేసి 2010లో ప్రచురించిన ప్రయోగం ఉత్సాహం మీద కాస్త నీళ్ళు చల్లుతుంది. మామూలు ఫిజియోథెరపీకి తోడు, ఆపరేషన్ అయిన రెండో వారం నుంచి కొందరి చేత వారానికి మూడుసార్లు ఎక్సర్‌సైజ్ సైకిలు తొక్కించారు. తుంటి మార్చుకున్నవారికి అది స్పష్టంగా మేలు చేసింది. మోకాలు మార్చుకున్నవారికి చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

ఎందుకిలా? నా వివరణ ఇది. రెండు పెడళ్ళూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. బాగున్న కాలు తొక్కితే బాగులేని కాలు ఊరికే దాని వెంట తిరుగుతుంది. నడిచేటప్పుడు కుంటితే వీధిలో అందరికీ కనబడుతుంది. సైకిలు మీద కుంటితే తొక్కేవాడికి కూడా తెలియదు. మోకాలి ఆపరేషన్ తర్వాత బాగా చచ్చుబడేది తొడ ముందు కండరమే కాబట్టి ఈ దొంగతనం మోకాలివారికే ఎక్కువ వీలవుతుంది. నెలల తరబడి కిలోమీటర్లు పెరుగుతూనే ఉంటాయి, ఆ తొడ మాత్రం సన్నగానే ఉంటుంది. తర్వాత ఒకనాడు ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు బండారం బయటపడుతుంది. కాబట్టి సైకిలుతోపాటు బరువు పని తప్పదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఆపరేషన్ అయిన కాలితో మెట్టెక్కడం, జిమ్ముంటే ఆ కాలు ఒక్కదానితోనే బరువు తోయడం. వినడానికి పేలవంగా ఉన్నా, పరిశోధన మొత్తం వేలెత్తి చూపేది వీటినే.

ఈ వయసులో కండరం పెరుగుతుందా అని అడిగేవారికి బోస్టన్ జవాబు 1990లోనే వచ్చింది. మరియా ఫియాటరోన్ బృందం వృద్ధాశ్రమంలోని పది మందికి, సగటున తొంభై ఏళ్ళవారికి, ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. పూర్తి చేసినవారి బలం సగటున 174 శాతం పెరిగింది. సైకిలు వైపు చూస్తే ఫ్రాన్సుకి చెందిన రాబర్ట్ మార్షాన్ ఉన్నారు. 2012లో నూరేళ్ళ వయసులో గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కిన ఆయన, రెండేళ్ళ తర్వాత 26.927 కిలోమీటర్లు తొక్కారు. మధ్యలో జరిగింది వెరోనిక్ బియ్యా అనే శరీరధర్మ శాస్త్రవేత్త వేసిన సాధన పథకం. ఎక్కువ భాగం తీరిగ్గా, అయిదో వంతు మాత్రం గట్టిగా తొక్కించారామె. ఊపిరి సత్తువ 13 శాతం పెరిగింది. మార్షాన్ ఉదాహరణ పట్టుకుని మన తాతగారిని తరిమేయకూడదు, అలాంటి శరీరాలు కోటికొకటి. ఆయన దగ్గర్నుంచి తీసుకోవలసింది ఆ పాళ్ళే. ఆపరేషన్ తర్వాత చాలామంది ప్రతిరోజూ ఒకే మధ్యరకం జోరుతో తొక్కుతారు. కీలుకి విశ్రాంతి చాలదు, గుండెకి పని చాలదు.

గుండె విషయంలో ఒక జాగ్రత్త. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవారికి చేతి గడియారం చూపించే గుండె వేగం నమ్మదగింది కాదు, మందు దాన్ని తొక్కిపెడుతుంది. తొక్కుతూ మాట్లాడగలిగితే తీరిక జోరు, నాలుగు మాటలకి ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తే గట్టి జోరు. కీలు విషయంలో న్యాయమూర్తి మర్నాటి ఉదయం. తొక్కుతున్నప్పుడు నొప్పి లేకపోయినా తెల్లారేసరికి మోకాలు వాచి వేడిగా ఉంటే ముందురోజు ఎక్కువైనట్టే. కాలి పిక్క ఒక్కటే వాచి నొప్పిపెడితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

సైకిలుని మనిషికి సరిచేయడం చాలామంది పట్టించుకోని పని. మామూలు సైకిలు మీద పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు సుమారు 105 నుంచి 115 డిగ్రీలు వంగాలి. కొత్త మోకాలికి మొదటి వారాల్లో అంత వంపు ఉండదు. అందుకని పూర్తి చుట్టు తిప్పకుండా ముందుకి సగం, వెనక్కి సగం ఊపమంటారు. చిన్నప్పుడు నాన్న సైకిలు బార్ కిందనుంచి కాలు దూర్చి సగం సగం తొక్కినట్టే ఇదీ. చాలామందికి మొదటి పూర్తి చుట్టు వెనక్కి తిప్పుతుండగా వస్తుంది. సీటు కాస్త ఎత్తు పెంచితే వంపు అవసరం తగ్గుతుంది. ఇంకా మంచి ఉపాయం పొట్టి క్రాంకులు. క్రాంకు 10 మిల్లీమీటర్లు తగ్గించి సీటు అంతే పెంచితే, పైనున్న పెడల్ సీటుకి 20 మిల్లీమీటర్లు దూరం జరుగుతుంది. వంపు సరిగా రాని మోకాలికి ఇది ఎంతో హాయి. తుంటివారి ఇబ్బంది వేరు. వెనక వైపునుంచి ఆపరేషన్ అయినవారు మొదటి కొన్ని వారాలు తుంటిని 90 డిగ్రీలు మించి వంచకూడదంటారు కాబట్టి, ముందుకి వంగి పట్టుకునే రేసు హ్యాండిల్ పనికిరాదు. కాలు వెనక్కి విసిరి ఎక్కడమూ వద్దు. మనం లేడీస్ సైకిలని పిలిచే బార్ లేని బండే వారికి సరైనది. అది ఎక్కడానికి సిగ్గుపడే మగవాళ్ళకి నా దగ్గర మందు లేదు.

కెనడా ఈ మనుషులకి ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటుంది. లాక్కునేది చలికాలం. నవంబరు నుంచి మార్చి దాకా చాలాచోట్ల మంచు. కృత్రిమ కీలు పక్కన ఎముక విరిగితే అతికించడం మామూలు ఫ్రాక్చర్‌కంటే చాలా కష్టం కాబట్టి, జారిపడటం అక్కడ మొదటి శత్రువు. శరత్కాలంలో ఆపరేషన్ అయితే చలికాలమంతా బేస్‌మెంట్‌లో ఎక్సర్‌సైజ్ సైకిలు మీదా బరువులతోనూ గడిపి మేలో బయటికి రావడం తెలివైన లెక్క.

ఇచ్చేది పాత రైలు కట్టలు. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి రైలు దారులన్నీ మెల్లటి వాలుతో కట్టారు. ఆ దారులు మూతబడ్డాక పట్టాలు పీకి సైకిలు బాటలు చేశారు. బ్రిటిష్ కొలంబియాలో ఆండ్రూ మెకల్లోక్ అనే ఇంజనీరు కట్టించిన కెటిల్ వ్యాలీ రైలు మార్గంలో, అంత కొండల్లోనూ ఎత్తు నూటికి 2.2 మించలేదు. అందులోని మైరా లోయ దగ్గర 18 వంతెనలున్నాయి. 2003 కార్చిచ్చులో 12 చెక్క వంతెనలు కాలిపోతే, తిరిగి కట్టి 2008లో తెరిచారు. క్యూబెక్‌లో సెయింట్ జెరోమ్ నుంచి మాంట్ లోరియే దాకా సుమారు 200 కిలోమీటర్ల దారి, 1989 చివర్లో రైలు ఆగిపోయాక ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి పొడవునా వేసిన కాన్ఫెడరేషన్ బాట కూడా ఇలాంటివే. వాహనాల భయం లేదు, హఠాత్తుగా వచ్చే ఎత్తులు లేవు. అరవై దాటిన మోకాళ్ళ కోసం ఏ ప్రభుత్వమూ ఇంత పొడవైన బాటలు ప్రత్యేకంగా వేయించి ఉండేది కాదు. ఆవిరి ఇంజను అశక్తత వల్ల అవి ఊరికే దక్కాయి.

ఇ-బైకు మీద చిన్నచూపు అక్కర్లేదు. ఒంటారియోలో మోటారు 500 వాట్లు, వేగం గంటకి 32 కిలోమీటర్లు మించకూడదు. ఇంగ్లండులో యాభై నుంచి ఎనభై మూడేళ్ళవారితో ఎనిమిది వారాలు జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఇ-బైకు తొక్కినవారికి కూడా మానసికంగా మేలు కనిపించింది. ఎత్తు దగ్గర మోటారు ఆదుకుంటుందన్న నమ్మకం ఉంటే మనిషి బయటికి వస్తాడు. అయితే మోటారు తొడ పని కూడా కాజేస్తుంది. కుర్చీలోంచి లేచే వ్యాయామం మానేయడానికి అది సాకు కాకూడదు.

ఇంతా చేసి ఎంత తిరిగొస్తే వచ్చినట్టు? ఒంటారియోలో రాబర్ట్ బోర్న్ బృందం 1,703 మోకాలి మార్పిళ్ళు పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో దాదాపు అయిదో వంతు, 19 శాతం మంది, తృప్తి చెందలేదు. అసంతృప్తికి అన్నిటికంటే పెద్ద కారణం ముందు పెట్టుకున్న ఆశ నెరవేరకపోవడం. 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం కొత్త మోకాళ్ళలో సుమారు 82 శాతం పాతికేళ్ళు పనిచేస్తాయి. కీలు మనిషి ఆయుష్షంతా ఉంటుంది, ఆశ ఏడాదికే అరిగిపోతుంది. ఆపరేషన్ తర్వాత మూడో నెల దాకా అందరూ చూస్తారు. గాయం మానిందా, ఎంత వంగుతోంది, మెట్లెక్కుతున్నారా అని అడుగుతారు. సైకిలు మనిషికి కావలసిన బలం పెరిగే కాలం ఆ తర్వాత వచ్చే తొమ్మిది నెలలు. అప్పుడు అడిగేవారుండరు.

మన తెలుగు కుటుంబాల సంగతి మరో తీరు. కెనడాలోని బ్రాంప్టన్, మిస్సిసాగా, క్యాల్గరీల్లో పిల్లల దగ్గరికి సూపర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి రాష్ట్ర ఆరోగ్య పథకం వర్తించదు. కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు బీమా తీసుకుని రావాలి. ముందునుంచీ ఉన్న మోకాలి అరుగుదలకి ఆ బీమా మీద ఆశ పెట్టుకోలేం. కాబట్టి ఆపరేషన్ హైదరాబాదులోనో విశాఖలోనో చేయించుకుని, కాస్త కోలుకోగానే విమానమెక్కేవారున్నారు. చేసిన సర్జన్ ఇండియాలో, బలం పెంచుకోవలసిన కాలం కెనడాలో. బయలుదేరే ముందే వ్యాయామాల పట్టిక రాయించుకోవాలి. విమాన ప్రయాణం ఎప్పుడు చేయొచ్చో, రక్తం పలచబరిచే మందు ఎన్నాళ్ళో అడిగి తెలుసుకోవాలి. భోజనం సంగతీ ఉంది. కోలుకునే వృద్ధులకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు నిపుణులు. అరవై కిలోల అమ్మకి 72 నుంచి 90 గ్రాములు. ముద్దపప్పు, పలచని మజ్జిగతో ఆ లెక్క తేలదు. గుడ్లో, పనీరో, గట్టి పెరుగో పూటపూటకీ ఉండాలి. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరుని అడక్కుండా ఇది చేయకూడదు.

కీలు మార్పిడి తర్వాత ఏ ఆటలు ఆడొచ్చో అమెరికా మోకాలి వైద్యుల సంఘం 1999లో తన సభ్యులని అడిగి ఒక జాబితా తయారుచేసింది. ఎక్సర్‌సైజ్ సైకిలు అందరికీ ఫరవాలేదన్నారు. రోడ్డు మీద సైకిలుని అనుభవం ఉన్నవారికి మాత్రమే అన్నారు. ఎప్పుడో చిన్నప్పుడు ఊరి హైస్కూలుకి సైకిలు మీద వెళ్ళిన నాన్నగారి అనుభవం ఈ లెక్కలోకి వస్తుందా? సైకిలు మీద నిలబడటం ఒళ్ళు మరిచిపోదు కాబట్టి కొంత వస్తుంది. కానీ బ్రేకు మీద చేతి వేగం, మెడ తిప్పి వెనక్కి చూడటం, కుడి పక్క నడిచే ట్రాఫిక్ కొత్తగా నేర్చుకోవలసినవే. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే బడి పార్కింగ్ స్థలంలో, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనేంత కిందికి దించి, ముందు ఆగడం, దిగడం సాధన చేయించాలి. మోకాలు అంత వంపుకి ఒప్పుకున్నాకనే ఇది మొదలుపెట్టాలి. ఎప్పుడూ సైకిలెక్కని అమ్మకి మూడు చక్రాల బండి దొరుకుతుంది. అది పడిపోదని ధీమాగా మలుపులో జోరుగా తిప్పితే అదీ ఒరుగుతుంది, ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వాలి.